ఏటా వచ్చే టోర్నీయే కొలువు ఇస్తుంది

తెల్లవారుజామున ఐదింటికి కృష్ణానగర్ రోడ్డు మీద ఎప్పుడైనా నిలబడి చూశారా? అప్పటికే అక్కడ సందడి మొదలై ఉంటుంది. టీ కొట్టు దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, సెట్ పనివాళ్లు యూనిట్ బండి కోసం ఎదురుచూస్తుంటారు. ఏ సినిమా, ఎవరు హీరో అన్నది వాళ్లకు రెండో ప్రశ్న. ‘ఎన్ని రోజుల పని?’ అన్నదే మొదటి ప్రశ్న.

అక్కడికి దగ్గర్లోనే, యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియం ఉంది. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక ఓట్లు లెక్కించింది అక్కడే. ఒక పక్క పని కోసం చూసే చేతులు, ఇంకో పక్క ఆట కోసం కట్టిన హాలు. ఈ రెండింటినీ కలిపేది ఏదైనా ఉందా? ఉంది. అదేంటో తెలియాలంటే మీరు నాతో ఒకసారి స్విట్జర్లాండ్ దాకా రావాలి.

బాసెల్ చెప్పే పాఠం

బాసెల్ అని ఒక ఊరు. జనాభా రెండు లక్షల లోపే. మన నిజామాబాద్ కంటే చిన్నది. అక్కడ 1970లో పురుషుల ఇండోర్ టెన్నిస్ టోర్నీ ఒకటి మొదలైంది. పేరు ‘స్విస్ ఇండోర్స్’. 1975 నుంచి సెయింట్ జాకబ్ హాల్ దాని ఇల్లు. ఏటా శరదృతువు రాగానే, సాధారణంగా అక్టోబరులో, ప్రపంచంలోని పెద్ద ఆటగాళ్లు ఆ చిన్న ఊరికి వస్తారు. కోవిడ్ వల్ల 2020, 2021లో ఆగింది గానీ, తర్వాత మళ్లీ అదే ఊళ్లో, అదే హాల్లో మొదలైంది.

1990ల మొదట్లో ఆ హాల్లో బంతులు ఏరి ఆటగాళ్లకు అందించిన పిల్లల్లో ఒకడు రోజర్ ఫెదరర్. ఆ ఊరి కుర్రాడే. తర్వాత అదే టోర్నీని పదిసార్లు గెలిచాడు. తన కెరీర్‌లో 103వది, చివరిది అయిన టైటిల్ కూడా 2019లో అక్కడే అందుకున్నాడు. ఫైనల్ అయ్యాక బాల్ బాయ్స్, బాల్ గర్ల్స్‌తో కూర్చుని పిజ్జా తినడం ఆయనకు అలవాటుగా ఉండేది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ ఫెదరర్ దగ్గరే ఆగిపోతారు. నేను మిమ్మల్ని చూడమనేది ఆ హాలు వైపు. ఒక ఊరికి ఒకే టోర్నీ యాభై ఏళ్లకు పైగా వస్తూ ఉంటే ఏమవుతుంది? కోర్టు పరిచే పని ఒకరికి చేతికొస్తుంది. రాకెట్లకు తీగలు బిగించే పని ఇంకొకరికి వస్తుంది. పాసులు, రవాణా, టికెట్లు, లైట్లు, కెమెరా... ప్రతి దానికీ ఆ ఊళ్లో అనుభవం ఉన్న మనుషులు తయారవుతారు. నిరుడు చేసినవాళ్లు ఈ ఏడు కొత్తవాళ్లకు నేర్పుతారు. అంతమంది ఆటగాళ్లలో ఫెదరర్ అయ్యేది ఒక్కడే. పని నేర్చుకునేది మాత్రం వందల మంది.

మన దగ్గర ఏం జరిగింది?

మనకూ ఇలాంటి రోజు ఒకటి వచ్చింది. 2005 ఫిబ్రవరి 12. పద్దెనిమిదేళ్ల సానియా మీర్జా హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు అయింది. అదీ పెరిగిన ఊళ్లో, మనవాళ్ల ముందు! మహిళల టోర్నీ, ఆరుబయట కోర్టు. కానీ నేను చెప్పే విషయానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఈ నగరంలో లేదు.

ఆ టోర్నీ ఎన్నేళ్లు జరిగిందో తెలుసా? 2003, 2004, 2005. అంతే. మరుసటి ఏడాది టోర్నీ బెంగళూరులో జరిగింది. సానియా ఆ తర్వాత ప్రపంచమంతా గెలిచింది. 2023 మార్చి 5న ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడింది. ఆమె మొదటి పెద్ద గెలుపుకీ, ఆ వీడ్కోలుకీ మధ్య పద్దెనిమిదేళ్లు. ఆ టోర్నీ ఇక్కడే ఉండి ఉంటే, ఆ పద్దెనిమిదేళ్లలో ఈ నగరంలో ఎంతమంది అంపైర్లు, ఫిజియోలు, టోర్నీ మేనేజర్లు తయారయ్యేవాళ్లో లెక్కేసుకోండి.

పురుషుల టెన్నిస్‌లోనూ అంతే. మన దేశంలో జరిగిన ఏటీపీ టూర్ టోర్నీ 1996లో ఢిల్లీలో మొదలై, మరుసటి ఏడాది చెన్నైకి వెళ్లింది. 2017 దాకా అక్కడే ఉంది. 2018లో పుణెకు మారింది. 2023తో అదీ ముగిసింది. 2024 క్యాలెండర్‌లో భారత్ పేరు లేదు. ఆ దారిలో హైదరాబాద్ ఎక్కడా రాలేదు.

2023లోనే మనకు ఇంకో పెద్ద ముచ్చట జరిగింది. ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా-ఈ రేస్. రోడ్లు మారాయి, కెమెరాలు వచ్చాయి, సెల్ఫీలు దిగాం. 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సింది, జనవరిలోనే రద్దయింది. తప్పెవరిది అన్న వాదన రాజకీయ పేజీలకు వదిలేద్దాం. మీకు కావాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ ఒక్క రేస్‌లో పని చేసిన కుర్రాళ్లు అక్కడ నేర్చుకున్నది మళ్లీ ఎక్కడ వాడుకోవాలి?

నా మాట ఒక్కటే. ఒకసారి వచ్చి పోయే పండగ ఫొటోలు ఇస్తుంది. ఏటా అదే వారంలో, అదే హాల్లో జరిగే టోర్నీ కొలువులు ఇస్తుంది.

హాలు లేక కాదు

‘మనకు ఆ సౌకర్యాలెక్కడ?’ అని అడుగుతారేమో. ఇటలీలోని టురిన్ సంగతి చూడండి. ఒకప్పుడు ఫియట్ కార్ల ఊరు. 2006 శీతాకాల ఒలింపిక్స్ కోసం అక్కడ ఒక పెద్ద ఇండోర్ హాలు కట్టారు. ఒలింపిక్స్ రెండు వారాల్లో అయిపోయాయి. కానీ హాలును బూజు పట్టనివ్వలేదు. ఏడాది చివర్లో ప్రపంచంలోని ఎనిమిది మంది అగ్రశ్రేణి ఆటగాళ్లు తలపడే ఏటీపీ ఫైనల్స్‌ను 2021లో లండన్ నుంచి అక్కడికి తెచ్చుకున్నారు. ఒక్క ఏడాదికి కాదు, ముందే ఐదేళ్లకు ఒప్పందం రాసుకున్నారు. అయిదేళ్ల పని ఉందంటే హోటల్ మనిషిని తీసుకుంటుంది, కంపెనీ యంత్రం కొంటుంది, కాలేజీ కోర్సు పెడుతుంది. ఒక్క వారానికైతే ఎవరూ ఏమీ చేయరు.

మన గచ్చిబౌలి కూడా దాదాపు అలాంటి కథే. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం అక్కడ స్టేడియాలు లేచాయి. 2009 ఆగస్టులో ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ ఆ ఇండోర్ స్టేడియంలోనే జరిగింది. తర్వాత కబడ్డీ, వాలీబాల్ లీగులు వచ్చాయి. అంటే గోడలూ, కప్పూ ఉన్నాయి. టోర్నీ నడిపిన అనుభవమూ ఉంది. లేనిదల్లా ఏటా తప్పకుండా వచ్చే ఒక తేదీ.

చేతులు ఫిలింనగర్‌లోనే ఉన్నాయి

ఇండోర్ టెన్నిస్ అంటే సగం ఆట, సగం షూటింగ్. ఎండ లేదు, గాలి లేదు, వాన భయం లేదు. వెలుగంతా మనం పెట్టిందే. ఆ లైటు ప్రేక్షకుడికి బంతిని చూపించాలి, సర్వ్ చేయడానికి పైకి చూసే ఆటగాడి కళ్లలో మాత్రం పడకూడదు. నీడలు పడకూడదు. ఈ లెక్క ఎవరికి బాగా తెలుసు? ఫిలింనగర్ లైట్‌మెన్‌కి తెలుసు. రాత్రికి రాత్రి ఫ్లోర్ మీద సెట్ వేసి, పని కాగానే విప్పేసే మనుషులు మన దగ్గర ఉన్నారు. ఇండోర్ కోర్టు కూడా చాలాచోట్ల అలా పరిచి, టోర్నీ కాగానే ఎత్తేసేదే. సినిమాకు కాల్‌షీట్ ఎలాగో, టోర్నీకి ‘ఆర్డర్ ఆఫ్ ప్లే’ అలాగ. ఏ కోర్టులో ఎప్పుడు ఎవరు అన్నది ముందు రోజే చేతిలో ఉండాలి. ప్రొడక్షన్ మేనేజర్ చేసే పనిలో ముప్పాతిక భాగం టోర్నీ ఆపరేషన్స్ మేనేజర్ పనే.

ఇంకో మాట. ఫిలింనగర్ కూడా ఒక్క రోజులో పుట్టలేదు. ఒకప్పుడు తెలుగు సినిమా అంటే మద్రాసు. 1970ల మధ్యలో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టేటప్పుడు ఇటువైపంతా రాళ్లూ గుట్టలే. పరిశ్రమ ఇక్కడికి తరలిరావడానికి ఏళ్లు పట్టింది. స్టూడియోలు, ల్యాబులు, స్థలాలు ఒక్కొక్కటిగా సమకూరాయి. ఒక సినిమా తర్వాత ఇంకో సినిమా పని దొరుకుతుందన్న నమ్మకం కుదిరాకే పనివాళ్లు కుటుంబాలతో వచ్చి కృష్ణానగర్‌లో అద్దెకు దిగారు. వరసగా పని ఉన్న చోటికే పనితనం వస్తుంది. ఆటలకూ ఇదే సూత్రం.

పోయే పనులు, వచ్చే పనులు

కెరీర్ పేజీ చదువుతున్నారు కాబట్టి చేదు మాట కూడా చెప్పాలి. ఈ రంగంలోనూ యంత్రాలు పనులు తీసేస్తున్నాయి. ఒకప్పుడు పెద్ద మ్యాచ్‌కు చైర్ అంపైర్ కాక తొమ్మిది మంది దాకా లైన్ జడ్జిలు ఉండేవారు. 2017లో మిలాన్‌లో కుర్రాళ్ల కోసం పెట్టిన ఇండోర్ టోర్నీ ‘నెక్స్ట్ జెన్ ఏటీపీ ఫైనల్స్’లో లైన్ జడ్జిలే లేకుండా కెమెరాలతో నడిపించి చూశారు. 2025 నుంచి ఏటీపీ టూర్ అంతటా అదే పద్ధతి. ‘అవుట్’ అని అరిచే గొంతు కూడా రికార్డ్ చేసిందే.

మరి ఏం మిగిలింది? ఆ కెమెరాలను అమర్చి, సరిచూసి, మ్యాచ్ నడుస్తుండగా కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. ఈసీఈ, కంప్యూటర్స్ చదివినవాళ్లకు అక్కడ చోటుంది. చైర్ అంపైర్ ఇంకా మనిషే. ఆటగాడి భుజం పట్టేస్తే సరిచేసే ఫిజియో మనిషే. ఒక్కో ఆటగాడు చెప్పిన బిగువుకి రాకెట్ తీగలు బిగించే స్ట్రింగర్ మనిషే. పాస్ అడిగే గేటు దగ్గర, హోటల్ నుంచి హాలుకి కారు పంపే డెస్క్ దగ్గర, స్పాన్సర్‌కు జవాబు చెప్పే చోట మనుషులే ఉంటారు. పైగా చిన్న టోర్నీల్లో ఇంకా లైన్ అంపైర్లు అవసరమవుతున్నారు. మొదటి మెట్టు అక్కడే.

టీ షర్టు జీతం కాదు

ఇక నాకు కోపం తెప్పించే విషయం. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే డిగ్రీ కుర్రాడు ఒకసారి ఓ క్రీడా కార్యక్రమంలో నాలుగు రోజులు ‘వలంటీర్’గా చేశాడు. పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి పదింటికి వచ్చేవాడు. ఇచ్చింది ఒక టీ షర్టు, భోజనం ప్యాకెట్లు, ఒక సర్టిఫికెట్. తర్వాత ఇంటర్వ్యూకి వెళ్తే ‘అక్కడ నువ్వు చేసిన పనేంటి?’ అని అడిగారట. ఏం చెప్తాడు? ఒక రోజు కుర్చీలు సర్దాడు, ఒక రోజు నీళ్ల సీసాలు మోశాడు, ఇంకో రోజు గేటు దగ్గర నిలబడ్డాడు. సర్టిఫికెట్ ఉంది, నేర్చుకున్న పని లేదు.

బడి పిల్లలు వారం రోజులు సరదాగా బంతులు ఏరితే అది వేరు. అందులో ఆనందం ఉంది, ఫెదరర్ చేసిందీ అదే. కానీ ఇరవై రెండేళ్ల గ్రాడ్యుయేట్‌తో రోజుకు పదిహేను గంటలు పని చేయించుకుని ‘ఎక్స్‌పోజర్’ అనడం సేవ అనిపించుకోదు. అది ఉచిత చాకిరీ. 

సినిమావాళ్లను చూసి ఇది కూడా నేర్చుకోవాలి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని సమ్మె చేశారు. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. ఎవరి పక్షాన న్యాయం ఎంతుందన్నది పక్కన పెట్టండి. అడగడానికి వాళ్లకు యూనియన్ ఉంది, రేటు ఉంది, ఫలానా పనికి ఫలానా పేరు ఉంది. ఈవెంట్ పనికి వెళ్లే కాలేజీ కుర్రాళ్లకు అవేమీ లేవు. అందుకే మెడలో ట్యాగ్ చూసి మురిసిపోయి జేబు సంగతి మర్చిపోతున్నారు.

నగరం ఏం చేయాలి?

‘హాస్టళ్లలో తిండి సరిగా లేదు, టెన్నిస్‌కు డబ్బులా?’ అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను ఒకేసారి ఏటీపీ 500 టోర్నీ తెమ్మనడం లేదు. దాని ఖర్చు, దాని నియమాలు వేరు. చాలెంజర్ స్థాయి నుంచి మొదలుపెట్టండి. చెన్నై, బెంగళూరు, పుణె, ఢిల్లీ ఆ స్థాయి టోర్నీలు నడుపుతున్నాయి. మనం చేయలేనిదేం కాదు.

ప్రభుత్వ డబ్బు గానీ, ప్రభుత్వ స్టేడియం గానీ ఇస్తే మూడు షరతులు పెట్టాలి. ఒకటి, కనీసం ఐదేళ్ల ఒప్పందం, ఏటా ఒకే వారం. ప్రభుత్వం మారినా తేదీ మారకూడదు. రెండు, పనివాళ్లలో ఇంత మంది స్థానిక విద్యార్థులు ఉండాలి, వాళ్లకు రోజు కూలీ ఇవ్వాలి, ఎంతో ముందే ప్రకటించాలి. మూడు, ఒక్కొక్కరిని ఒక్కో విభాగంలో పెట్టి పని నేర్పాలి, సర్టిఫికెట్ మీద ఆ పని పేరు రాయాలి. ఈ మూడూ లేని టోర్నీ మన ఊరికి రాకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. 

మీరు ఏం చేయాలి?

నగరం మేలుకునే దాకా మీరు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. కొన్ని పనులు ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు.

ముందుగా, ఆట కాదు, పని ఎంచుకోండి. ‘స్పోర్ట్స్‌లో ఏదో ఒకటి’ అంటే ఎవరూ పిలవరు. లైటింగ్, కెమెరా, స్కోరింగ్, ఫిజియో, అకౌంట్స్, టికెటింగ్... వీటిలో ఒకటి. టెన్నిస్ లేని రోజు బ్యాడ్మింటన్‌కు, అదీ లేని రోజు సినిమా ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కు పనికొచ్చేదైతే మరీ మంచిది. కడుపు నిండేది అలాగే.

రెండోది, టెన్నిస్ అంటే ఇష్టం ఉంటే అంపైరింగ్ వైపు చూడండి. రాష్ట్ర టెన్నిస్ సంఘాన్ని, అఖిల భారత టెన్నిస్ సంఘాన్ని అడిగి స్థానిక టోర్నీల్లో మొదలుపెట్టాలి. అంతర్జాతీయ స్థాయిలో వైట్ బ్యాడ్జ్, ఆపైన బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మెట్లుంటాయి. ఏళ్లు పడుతుంది, నిజమే. గ్రూప్స్‌కు పట్టడం లేదా? కోచింగ్ వైపు వెళ్లాలనుకుంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ డిప్లొమా గురించి తెలుసుకోండి.

మూడోది, ఉచితంగా చేయాల్సి వస్తే ఒక్కసారే చేయండి. చేసేముందు రెండు ప్రశ్నలు అడగండి. ‘నేను ఏ విభాగంలో ఉంటాను? ఎవరి దగ్గర నేర్చుకుంటాను?’ జవాబు రాకపోతే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. రెండోసారి పిలిస్తే డబ్బు మాట ముందు మాట్లాడండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

నాలుగోది, చేసిన పనిని అంకెల్లో రాసుకోండి. ‘వలంటీర్‌గా పాల్గొన్నాను’ అంటే రెజ్యూమెలో ఎవరికీ ఎక్కదు. ‘నాలుగు రోజులు పాసుల డెస్క్, రోజుకు ఇన్ని పాసులు’ అని రాస్తే అవతలి మనిషికి మీరేం చేయగలరో అర్థమవుతుంది. 

అయిదోది, ఇది ఒక్కటే నమ్ముకోకండి. మన నగరంలో ఈ రంగం ఇంకా పూర్తిస్థాయి ఉద్యోగం ఇచ్చే దశకు రాలేదు. చదువుతూనో, ఇంకో ఉద్యోగం చేస్తూనో రెండు మూడేళ్లు చేయి తిప్పుకోండి. తర్వాత నిర్ణయం తీసుకోవచ్చు.

ఇంట్లో ‘ఆటలు అన్నం పెడతాయారా?’ అని అడుగుతారు. ఒకప్పుడు ‘సినిమాలు అన్నం పెడతాయా’ అని కూడా అడిగారు. ఇవాళ కృష్ణానగర్‌లో ఎన్నో పొయ్యిలు వెలిగేది ఆ సినిమాతోనే. సినిమా అన్నా ఆట అన్నా దానికదే అన్నం పెట్టదు. ఆగకుండా వచ్చే పని పెడుతుంది. అందుకే ఈసారి నగరానికి ఏదో పెద్ద టోర్నీ వస్తోందని హోర్డింగ్ చూసినప్పుడు, ఎవరొస్తున్నారని అడగకండి. తెల్లవారుజామున టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఆ లైట్‌మన్ అడిగే ప్రశ్నే మీరూ అడగండి. ‘ఎన్ని రోజుల పని? వచ్చే ఏడాది కూడా ఉంటుందా?’